ముందుగాల కడగాల్సింది ఎవ్వల చేతులు?

అక్టోబరు 15 చేతుల కడుగుడు దినం. పోయినసారి మా దిక్కు ఒక అంగన్‌వాడీల ఆ దినం జరుపుతుంటె నేను గూడ పోయిన. ఇరవై మంది దాక పిల్లలు. టీచరమ్మ చూపెట్టినట్టు అరచేతులు రాసిన్రు, వేళ్ల సందులు రాసిన్రు, బొటనవేలు తిప్పిన్రు. పాట పాడిన్రు. ఫోటోలు దిగిన్రు. అంత మంచిగనే ఉన్నది, ఒక్కటే తక్కువ. నీళ్లు లెవ్వు. నల్లా ఉన్నది గని రెండు నెలలసంది సుక్క రాలేదు. పిల్లలు ఉత్త గాలిల చేతులు కడిగిన్రు. అయినంక గవే చేతులతోని బువ్వ తిన్నరు, గుడ్డు తిన్నరు.

దాంట్ల నా తప్పు గూడ ఉన్నది. ఆ రోజు తల్లులకు సుద్దులు జెప్పింది నేనే. పిల్లలకు విరేచనాలు ఎట్ల అంటుకుంటయి, ఉత్త నీళ్లకు పోని మురికి సబ్బుకు ఎట్ల పోతది, బువ్వ ముందట ఒకసారి, దొడ్డికి పోయొచ్చినంక ఒకసారి ఎందుకు కడగాలె అని మస్తు చెప్పిన. నా ముచ్చట ఒడిసినంక, సంకల బిడ్డ నెత్తుకున్న ఒక తల్లి మెల్లగ ఒక్క మాట అడిగింది. ట్యాంకరు వచ్చిన రోజు రెండు బిందెలే దొరుకుతయి అక్కా, అవి తాగాల్నా, కడగాల్నా అని. కోపంతోని అడగలేదు. నిజంగనే తెలుసుకుందామని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తలకాయ వంచుకొని వచ్చిన.

ఆ రాత్రి నాకు ఒక మనిషి యాదికొచ్చిండు. సచ్చిపోయి 160 ఏండ్లయితున్నది. పేరు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్. చేతుల కడుగుడు అనంగనే లోకమంత ఆయన పేరే తీస్తది. 2020 మార్చిల, కరోనా మొదలైన దినాలల్ల, గూగుల్ గూడ తన మొదటి పేజీ మీద ఆయన బొమ్మనే పెట్టింది. నేను డాక్టరును కాదు. నా సదువు పదో తరగతికాడ ఆగింది, తర్వాతదంత లైబ్రరీలల్ల ఏరుకున్నదే. గని ఈ మనిషి కత సదివిన ప్రతిసారి నాకు ఒక సంగతి తలుగుతది. రోగం వస్తె నింద ఎవ్వలి మీద పడ్డది, చేతులు కడగాల్సింది మాత్రం ఎవ్వలు అనేది. ఇయ్యాల గదే చెప్త.

సెమ్మెల్‌వైస్ 1818 జులై 1న బుడా పట్నంల పుట్టిండు. ఇప్పుడు హంగేరీ రాజధాని బుడాపెస్ట్ అంటున్నం గదా, నదికి ఇవతలి సగం బుడా, అవతలి సగం పెస్ట్. అప్పుడు రెండు వేరువేరు ఊర్లు. నాయిన కిరాణ వ్యాపారి. పది మంది పిల్లలల్ల ఈయన అయిదోటోడు. 1837ల లా సదువుతనని వియన్నా పోయిండు. ఏడాదికే మనసు మార్చుకొని డాక్టరు సదువుల చేరిండు. 1844ల పట్టా వచ్చింది. ఆయన మాట్లాడే జర్మను భాష గూడ బుడా గల్లీల యాస, వియన్నా పెద్దోళ్ల భాష కాదు. రాయుడంటె పుట్టుకతోనే తనకు పడదని ఆయనే ఒప్పుకున్నడు. ఈ సంగతి మనసుల పెట్టుకోండ్రి, ముందు పనికొస్తది.

1846 జులైల వియన్నా పెద్ద దవాఖానల కాన్పుల వార్డుకు అసిస్టెంటు డాక్టరుగ చేరిండు. మీద ప్రొఫెసరు జోహాన్ క్లైన్. ఆ దవాఖానకు కాన్పుకు వచ్చేటోళ్లు ఎవ్వలనుకున్నరు? పైసలున్నోళ్లు ఇంట్లనే కనేటోళ్లు. ఇక్కడికి వచ్చేది పనిమనుషులు, కూలోళ్లు, పెండ్లి గాకుండ కడుపు అయిన ఆడపిల్లలు. పైసలు తీసుకోకుండ పురుడు పోస్తరు, పుట్టిన పిల్లను సర్కారు చూసుకుంటది. దానికి బదులు, సదువుకునే పోరగాండ్లు వీళ్ల ఒళ్లు తడిమి పని నేర్చుకుంటరు. గరీబుదనానికి కట్టిన లెక్క అది.

కాన్పుల వార్డులు రెండు. మొదటి వార్డుల డాక్టరు సదువు సదివే మొగపిల్లలు నేర్చుకుంటరు. రెండో వార్డుల మంత్రసానులు నేర్చుకుంటరు. దినం తప్పిచ్చి దినం ఒక్కో వార్డుల చేర్చుకుంటరు. అంటె ఏ ఆడామె ఏ వార్డుకు పోతది అనేది ఆమె వచ్చిన రోజును బట్టి ఉంటది, అంతే. మరి సావుల లెక్క జూడుండ్రి. 1846ల మొదటి వార్డుల 4,010 కాన్పులు అయితె 459 మంది తల్లులు సచ్చిపోయిన్రు. రెండో వార్డుల 3,754 కాన్పులకు 105 మంది. డాక్టర్ల వార్డుల నూటికి 11 మంది కంటె ఎక్కువ, మంత్రసానుల వార్డుల నూటికి ముగ్గురు గూడ లేరు. అందరిదీ ఒకటే రోగం. బాలింత జరం. కన్న రెండు మూడు దినాలకు ఒళ్లు కాలుతది, కడుపు ఉబ్బుతది, మనిషి పోతది. చాన సార్లు పసిగుడ్డు గూడ గదే తీరుగ పోతది.

ఈ లెక్క వియన్నాల గరీబు ఆడోళ్లందరికీ తెలుసు. మొదటి వార్డు రోజు వచ్చిందంటె మోకాళ్ల మీద పడి, చేతులు జోడిచ్చి, రెండో దాంట్ల ఎయ్యమని బతిమిలాడేటోళ్లు. కొందరైతె దారిల్నే కని, దవాఖానకు వస్తుంటె నొప్పులొచ్చినయని చెప్పి పిల్లనెత్తుకొని వచ్చేటోళ్లు. రోడ్డు మీద కన్న తల్లులల్ల గూడ సావులు మొదటి వార్డుకన్న తక్కువనే. ఇది జెర నిమ్మలంగ ఆలోచన చెయ్యండ్రి. సదువుకున్న డాక్టరు చెయ్యి పడ్డ తల్లి కన్న, ఏ చెయ్యీ పడకుండ గల్లీల కన్న తల్లే ఎక్కువ బతికింది. సదువురాని ఆడోళ్లు పట్టుకున్న సంగతి ప్రొఫెసర్లకు కనపడలేదు.

ప్రొఫెసర్లు ఏం చెప్పేటోళ్లంటె, గాలి మంచిగ లేదు, ఆకాశంల ఏదో మార్పు ఉన్నది అనేటోళ్లు. పెండ్లి గాకుండ కన్నోళ్లు గదా, సిగ్గుతోని, భయంతోని సస్తున్నరు అనేటోళ్లు. పరాయి దేశాల నుంచి వచ్చిన విద్యార్థులు మొరటుగ తడుముతున్నరని ఒక కమిటీ తేల్చింది, వాళ్లను తగ్గిచ్చిన్రు. కొన్నొద్దులు సావులు తగ్గి మళ్ల పెరిగినయి. చూసిన్రా, నింద ఎట్ల తిరుగుతున్నదో? గాలి మీద, సచ్చినామె సిగ్గు మీద, పరదేశపోని మీద. ఎటుపోయినా పెద్దోళ్ల గడప మాత్రం తొక్కదు.

సెమ్మెల్‌వైస్ ఒక్కొక్కటి పట్టుకొని చూసిండు. గాలి చెడ్డదైతె రెండు వార్డులకూ గాలి ఒక్కటే గదా. మంది ఎక్కువై సస్తున్నరా అంటె, రెండో వార్డులనే ఇరుకు ఎక్కువ. మొదటి వార్డుల ఎల్లకిల పండుకోబెట్టి పురుడు పోస్తరు, రెండో దాంట్ల పక్కకు ఒరిగిచ్చి పోస్తరు. గట్లనే చేసి చూసిండు, తేడా రాలేదు. సావు దగ్గరికొచ్చినామె కోసం చర్చి ఫాదరు గంట కొట్టుకుంట వార్డుల నుంచి పోతుంటె, ఆ సప్పుడుకు మిగిలినోళ్లు జడుసుకొని సస్తున్నరేమో అని, ఫాదరును గంట లేకుండ వేరే దారిల తెప్పిచ్చిండు. సావులు ఆగలేదు.

1847 మార్చిల ఒక సావు ఆయన కండ్లు తెరిపిచ్చింది. యాకబ్ కొలెచ్కా అని ఆయనకు మంచి సోపతి, అదే దవాఖానల ప్రొఫెసరు. పోస్టుమార్టం నేర్పుతుంటె ఒక విద్యార్థి చేతిల కత్తి ఆయన వేలికి గీసుకపోయింది. కొద్ది దినాలల్ల జరమొచ్చి పోయిండు. అప్పుడు సెమ్మెల్‌వైస్ వెనీస్ పోయి ఉండె. తిరిగొచ్చినంక సోపతిగాని పోస్టుమార్టం కాయితాలు సదివిండు. సదివితె, బాలింతల పీనుగులల్ల తను దినాం చూసేదే దాంట్ల రాసి ఉన్నది. మొగ మనిషి, కాన్పు లేదు, సిగ్గూ లేదు, అయినా గదే రోగం. పీనుగుల నుంచి ఏదో కత్తి మొన మీద ఆయన నెత్తురుల కలిసింది. మరి బాలింతల ఒంట్లకు దాన్ని తీసుకపోయిన కత్తి ఏది?

చెయ్యి. డాక్టరు చెయ్యి. పొద్దుగాల పీనుగులు కోసి, గవే చేతులతోని వార్డులకు వచ్చి కాన్పుకొచ్చినోళ్లను తడుముతున్నరు. మంత్రసానులు పీనుగులు కొయ్యరు, అందుకే వాళ్ల వార్డుల సావు తక్కువ. డాక్టర్లు చేతులు కడగలేదని కాదు, సబ్బుతోని కడిగినా చేతికి పీనుగు వాసన పోకపోయేది. అందరికన్న ఎక్కువ పోస్టుమార్టాలు చేసింది ఎవ్వలు? రోగం గుట్టు పట్టాలని తండ్లాడిన సెమ్మెల్‌వైసే. అంటె తల్లులను బతికిద్దామని దినాం పొద్దుగాల పీనుగులు కోసి, పొద్దెక్కినంక గవే చేతులతోని ఇంకా తల్లులను సంపుకుంట వచ్చిండు. తన చేతుల మీద ఎంతమంది పోయిన్రో దేవునికే తెలుసు అనే భావం ఆయన పుస్తకంల రాసిపెట్టిండు. నాకు ఆయన మీద ఇష్టం మొదలైంది ఇక్కడనే. ముందుగాల తన చెయ్యి తను చూసుకున్నడు. నింద మొదలు తన మీద ఏసుకున్నడు.

1847 మే నడిమిట్ల వార్డు మొగదల ఒక పాత్ర పెట్టిచ్చిండు. దాంట్ల క్లోరిన్ నీళ్లు. ఆ మందు పిరమైతున్నదని కొన్నాళ్లకు అగ్వకు దొరికే క్లోరిన్ సున్నం వాడిండు. అదేదో కొత్త వస్తువు అనుకునేరు, మన పంచాయితీ మోరీలల్ల చల్లే బ్లీచింగు పౌడరే. వాసన పోయేదాక చేతులు రుద్దుకోకుండ ఒక్కడు గూడ లోపలికి రావద్దని హుకుం పెట్టిండు. ఏప్రిల్‌ల ఆ వార్డుల 312 కాన్పులకు 57 సావులు ఉండె. జూన్‌ల 268 కాన్పులకు 6. జులైల 250కి 3. మరుసటేడు 1848ల ఏడాది మొత్తం 3,556 కాన్పులకు 45 సావులే. మార్చి నెలల, ఆగస్టు నెలల ఒక్క తల్లి గూడ పోలేదు. ఒక పాత్ర, అగ్వ మందు, కచ్చితమైన మాట. అంతే.

మధ్యల ఇంకో పాఠం నేర్చిండు. 1847 అక్టోబరుల గర్భసంచి క్యాన్సరు ఉన్న ఒకామెను వార్డుల చేర్చుకున్నరు. పొద్దుగాల మొదలు ఆమెను తడిమి, చేతులు ఉత్త సబ్బుతోని కడిగి, అదే వరుసల ఉన్న పన్నెండు మందిని చూసిన్రు. పదకొండు మంది సచ్చిపోయిన్రు. పీనుగు ఒక్కటే కాదు, బతికున్న మనిషి పుండు నుంచి గూడ రోగం చేతులెంబడి పోతదని అప్పుడు తెలిసింది. అప్పటిసంది ఒక్కొక్క మనిషిని చూసినంక మళ్ల కడగాలె అన్నడు.

ఇంత లెక్క కండ్ల ముందట ఉన్నంక పెద్దోళ్లు ఒప్పుకొని ఉంటరు అనుకుంటం. ఒప్పుకోలేదు. ఒప్పుకుంటె, ఇన్నేండ్లు సంపింది మా చేతులే అని ఒప్పుకోవాలె గదా. పెద్దింటి డాక్టరు చెయ్యి మురికిది అనుడు ఎంత మాట! పైంగ అప్పటికి సూక్ష్మజీవులతోని రోగాలొస్తయన్న సంగతి రుజువు కాలేదు, ఎందుకు అయితున్నది అని అడిగితె ఆయన దగ్గర పూర్తి జవాబు లేదు. ప్రొఫెసరు క్లైన్‌కు ఈయన పొడ గిట్టలేదు. 1848ల వియన్నాల తిరుగుబాటు లేచింది, దాన్ని అణిచేసినంక దొరల చేతిల పట్టు ఇంకా గట్టిపడ్డది. 1849 మార్చిల ఈయన కొలువు గడువు ఒడిసింది, మళ్ల పొడిగియ్యలేదు. పాఠాలు చెప్పుతానికి ఇచ్చిన అనుమతిల గూడ బొమ్మ మీదనే చూపియ్యాలె అని మెలిక పెట్టిన్రు. 1850 అక్టోబరుల సోపతిగాళ్లకు గూడ చెప్పకుండ వియన్నా ఇడిసి పోయిండు.

ఆయన తప్పు లేదని నేను అన. వియన్నాల ఉన్నన్ని దినాలు తన సంగతి తను రాయలేదు. రాయుడంటె పడదు అన్న గదా. సోపతిగాళ్లే ఆయన తరుపున పత్రికలకు రాసిన్రు, ఆ రాసిన దాంట్ల పీనుగుల సంగతే పైకొచ్చి మిగిలింది చదివినోళ్లకు సరిగ అందలేదు. మన యాసల మనం రాసుకోకపోతె మన ముచ్చట ఇంకోని నోట ఎట్ల వంకరపోతదో ఈ పేజీ సదివేటోళ్లకు నేను చెప్పాల్నా?

పెస్ట్‌ల సెయింట్ రోకస్ దవాఖానల 1851 నుంచి 1857 దాక పని చేసిండు. జీతం నామమాత్రమే. ఆడ 933 కాన్పులకు 8 మందే బాలింత జరంతోని పోయిన్రు. 1855ల యూనివర్సిటీల ప్రొఫెసరు అయిండు. అక్కడి వార్డుల మళ్ల సావులు లేచినయి. ఎందుకని చూస్తె, డాక్టర్లు చేతులు కడుగుతున్నరు గని ఒక బాలింత కింది దుప్పటి ఉతకకుండనే ఇంకొక బాలింతకు ఏస్తున్నరు. ఉతికిన దుప్పట్ల కోసం పై అధికారులతోని కొట్లాడిండు. చెయ్యి కడుగుడు మనిషి పని అయితె, నీళ్లు, సబ్బు, ఉతికిన బట్ట ఇచ్చుడు సర్కారు పని అని అప్పుడే తేలింది.

1857ల మరియాను పెండ్లి చేసుకున్నడు. అయిదుగురు పిల్లలు పుడితె ఇద్దరు పసితనంలనే పోయిన్రు. 1861ల పెద్ద పుస్తకం అచ్చయింది, బాలింత జరం గురించి, లెక్కల పట్టికలతోని. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కాదు పొమ్మన్నరు. అప్పుడు ఆయనకు కోపం హద్దు దాటింది. పేరు పెట్టి బహిరంగ లేఖలు రాసిండు, మీరు హంతకులు అన్నడు. మాట నిజమే గావచ్చు. గని ఆ ఉత్తరాలు సదివి చేతులు కడుక్కున్న ప్రొఫెసరు ఒక్కడు లేడు. తిట్టుతోని చెయ్యి శుభ్రం కాదు. ఇది నాలాంటి లొల్లి చేసేటోళ్లందరికీ పాఠమే.

1865 వచ్చేసరికి మనిషి మతి చెదిరినట్టు అయిండు. జులై చివరల, కొత్త దవాఖాన చూపెడ్తమని వియన్నాకు తీసుకపోయి పిచ్చాసుపత్రిల పెట్టిన్రు. తీసుకపోయింది ఒకప్పుడు ఆయన తరుపున రాసిన సోపతి ఫెర్డినాండ్ హెబ్రానే. బయటపడబోతె కావలోళ్లు కొట్టిన్రు, కట్టేసి చీకటి గదిల ఏసిన్రు. రెండు వారాలకు, ఆగస్టు 13న పాణం పోయింది. 47 ఏండ్లు. చేతి పుండు కుళ్లి, విషం నెత్తురుకెక్కింది. బాలింతలను సంపిన తీరు రోగమే ఆయన్ను సంపింది.

దానికి సరిగ్గ ఒక్క రోజు ముందు, ఆగస్టు 12న, స్కాట్లాండ్‌ల గ్లాస్గో పట్నంల జోసెఫ్ లిస్టర్ అనే డాక్టరు, బండి చక్రం ఎక్కి కాలు ఇరిగిన 11 ఏండ్ల పోరనికి కార్బాలిక్ యాసిడ్ పెట్టి కట్టు కట్టిండు. పుండు కుళ్లలేదు, కాలు నిలిచింది. 1879ల లూయీ పాశ్చర్ బాలింత జరానికి కారణమైన క్రిమిని బోర్డు మీద బొమ్మ గీసి చూపెట్టిండు. సెమ్మెల్‌వైస్ కండ్లకు కనపడకుండనే పట్టుకున్నది గదే. ఇప్పుడు బుడాపెస్ట్‌ల మెడికల్ యూనివర్సిటీ ఆయన పేరు మీదనే ఉన్నది.

మరి దీనికీ మా అంగన్‌వాడీకీ ఏం సంబంధం అంటరా? చాన ఉన్నది. కరాచీ బస్తీలల్ల 2003ల ఒక పరిశోధన చేసిన్రు. కొన్ని ఇండ్లకు వారం వారం సబ్బు ఇచ్చి, ఎట్ల కడగాల్నో నేర్పిచ్చిన్రు. ఆ ఇండ్లల్ల అయిదేండ్ల లోపు పిల్లలకు విరేచనాలు, నిమోనియా సగానికి తగ్గినయి. కొన్నేండ్ల తర్వాత అదే పిల్లలను మళ్ల పరీక్ష చేస్తె, మాట, ఆలోచన, ఆటల చురుకుదనం గూడ సబ్బు అందని ఇండ్ల పిల్లలకన్న మెరుగ్గ కనపడ్డయి. ఊకె విరేచనాలయితె తిన్నది ఒంటికి పట్టదు, ఒళ్లు పెరగది, ఎదిగే మెదడుకు అందాల్సింది అందది. గని యాదిపెట్టుకోండ్రి, ఆడ వాళ్లు ఉత్త సుద్దులు చెప్పలేదు. సబ్బు చేతిల పెట్టిన్రు, మళ్ల మళ్ల ఇంటికొచ్చిన్రు.

సెమ్మెల్‌వైస్ గూడ గంతే. వార్డు మొగదల పాత్ర పెట్టిన దినాలల్ల గెలిచిండు. ఉత్త మాటలతోని కొట్లాడిన దినాలల్ల ఓడిండు. మనం దినం జరుపుతున్నం, పాట నేర్పుతున్నం, గని పాత్ర పెట్టలేదు. పిల్లకు విరేచనాలయితె తల్లికి శుభ్రం తెలువదంటం. వియన్నాల సిగ్గుతోని సచ్చిందన్నరు, మనం తెలివి లేక సచ్చిందంటున్నం. నల్లా ఇయ్యనోని చెయ్యి మాత్రం శుభ్రంగనే ఉన్నదనుకుంటం. ఆ రోజు మైకు పట్టిన నా చెయ్యి గూడ గదే పని చేసింది.

వారం తర్వాత నేను మళ్ల ఆ అంగన్‌వాడీకి పోయిన. ఈసారి మైకు లేదు. అడిగిన తల్లిని ముందుగాల కలిసి, నాకు జవాబు తెలువదని ఒప్పుకున్న. తల్లులం, టీచరమ్మ, ఆయమ్మ కలిసి ఇరవై లీటర్ల డబ్బాకు కింద నల్లా బిగిచ్చినం. చిన్న పోరలకు అందేటట్టు ఇటుకల మీద పెట్టినం. సబ్బు పెడితె కాకి ఎత్తుకపోయింది, రెండోది గూడ పోయింది. మూడోదాన్ని పాత సాక్సుల ఏసి డబ్బాకు కట్టినం. బ్లీచింగు పౌడరు పిల్లల చేతులకు వద్దు, మామూలు సబ్బు చాలు. బువ్వ ముందట ఆయమ్మ ఆడ నిలబడి ఒక్కొక్కరిని కడిగిచ్చినంకనే లోపలికి పంపుతది. సన్నగ దారలెక్క పడితె కొద్ది నీళ్లతోనే అందరివీ అయితయి.

ఇది మా గొప్ప కాదు, ఇది సర్కారు చెయ్యాల్సిన పని. అందుకే అందరం దస్కతులు పెట్టి, నల్లాల నీళ్లు ఇడువాలెనని పంచాయితీల, మండలంల దరఖాస్తు ఇచ్చినం. ఇంకా నీళ్లు రాలేదు. వచ్చేదాక పోయి అడుగుతనే ఉంటం. మీ ఊరి అంగన్‌వాడీకి, బడికి గూడ ఒకసారి పోయి నల్లా తిప్పి చూడుండ్రి. సుక్క రాకపోతె పిల్లలకు పాట నేర్పుడు ఆపి, ముందుగాల ఆ నల్లా సంగతి అడుగుండ్రి.